డ్రైవర్ కుడికి, ఐరన్ ఎడమకి: గోల్ఫ్ ఫుల్ స్వింగ్‌లో బంతి దారి తప్పుతుంటే ఏం చూడాలి

డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో కొడితే బంతి ఎడమగా బయల్దేరి, గాల్లో కొడవలిలా వంపు తిరిగి కుడిపక్క చెట్లలో పడుతోంది. దీన్నే స్లైస్ అంటారు. తక్కువ దూరాలకి వాడే పొట్టి క్లబ్, తొమ్మిదో నంబర్ ఐరన్‌తో కొడితే వంపేమీ లేకుండా నేరుగా ఎడమకే పోతోంది. ఈ రెండూ ఒకే మనిషికి ఉన్నప్పుడు, చాలామంది వీటిని రెండు జబ్బులనుకుని రెండు మందులు వాడతారు. డ్రైవర్‌కి గ్రిప్ (పట్టు) మారుస్తారు, ఐరన్‌కి గురి కాస్త కుడికి జరుపుతారు. నిజానికి జబ్బు ఒక్కటే. చాలాసార్లు అది స్వింగ్ మొదలుకాకముందే, నిలబడ్డ తీరులోనే ఉంటుంది.

కుడిచేతివాటం వాళ్ల కోసం రాస్తున్నాను, ఎడమచేతివాటమైతే కుడి ఎడమలు మార్చి చదువుకోండి. క్లబ్ ఎలా పట్టుకోవాలో, ఎలా నిలబడాలో మామూలుగా తెలుసనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు: క్లబ్ నేల మీద పెట్టి చూశారా?

రేంజ్‌కి (సాధన మైదానానికి) వచ్చి "అన్నా, స్లైస్ పోవట్లేదు, కొంచెం చూడవా" అని అడిగిన ప్రతివాళ్లనీ నేను మొదట అడిగేది ఇదే. పదిమందిలో తొమ్మిదిమంది చూసి ఉండరు. ఫోన్‌లో యాభై వీడియోలు చూసి ఉంటారు, మణికట్టు ఎలా తిప్పాలో, తుంటి ఎప్పుడు కదలాలో గడగడా చెబుతారు. అసలు ఏ దిక్కుకి నిలబడ్డారో మాత్రం చూసుకోరు. ట్యాంకులో పెట్రోలు ఉందో లేదో చూడకుండా బండి ఇంజన్ విప్పినట్టే ఉంటుంది ఈ పని.

మీరు మామూలుగా నిలబడే తీరులోనే నిలబడి, ఒక క్లబ్‌ని రెండు బూట్ల ముందు, వేళ్లకి ఆనేలా నేల మీద పెట్టండి. వెనక్కి నడిచి వెళ్లి చూడండి. ఆ గీత మీరు గురి పెట్టిన జెండాని చూపకూడదు, జెండాకి కొంచెం ఎడమపక్కని చూపాలి. రైలు పట్టాల్లా అనుకోండి. బంతి నుంచి జెండాకి వెళ్లేది ఒక పట్టా, మీ కాళ్ల గీత దాని పక్క పట్టా. రెండూ సమానదూరంలో సాగాలి గానీ ఎక్కడా కలవకూడదు.

స్లైస్ ఉన్నవాళ్ల కాళ్లు సాధారణంగా జెండాకి బాగా ఎడమకి తిరిగి ఉంటాయి. బంతి కుడికి పోతోంది కదా అని తెలియకుండానే ఎడమకి తిరుగుతారు. ఎడమకి తిరిగిన కొద్దీ క్లబ్ బంతిని అడ్డంగా, బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది, వంపు ఇంకా పెరుగుతుంది. దాంతో ఇంకా ఎడమకి తిరుగుతారు. ఇలాగే నెలలు గడిచిపోతాయి.

బంతి పోయిన దారిని చదవండి

బంతి ఏ దిక్కుకి బయల్దేరుతుందో ఎక్కువగా నిర్ణయించేది తగిలిన క్షణంలో క్లబ్ ఫేస్ (బంతికి తగిలే చదునైన ముఖం) చూస్తున్న దిక్కు. గాల్లో ఎటు వంగుతుందో నిర్ణయించేది ఆ ఫేస్‌కీ, క్లబ్ వస్తున్న దారికీ మధ్య ఉన్న తేడా. ఫేస్ మధ్యలో తగిలిన దెబ్బకి ఈ లెక్క సరిపోతుంది. క్లబ్‌కీ బంతికీ మధ్య స్పర్శ దాదాపు అర మిల్లీసెకను మాత్రమే. ఆ సమయంలో మణికట్టు తిప్పి సరిచేద్దామనుకోవడం జరిగే పని కాదు.

బంతి కుడికే బయల్దేరి ఇంకా కుడికి పోతుంటే ఫేస్ తెరుచుకుని, అంటే కుడికి చూస్తూ ఉందని అర్థం, గ్రిప్ చూడండి. ఎడమచేతిలో క్లబ్ అరచేతికి అడ్డంగా కాకుండా వేళ్ల మొదళ్లలో ఉండాలి, పైనుంచి చూస్తే ఆ చేతి కణుపులు కనీసం రెండు కనబడాలి. ఒక్కటే కనబడుతుంటే చేతిని కొంచెం కుడికి తిప్పి పట్టుకోండి. వారం రోజులు చెయ్యి తన చెయ్యి కాదన్నట్టు అనిపిస్తుంది, ఓర్చుకోండి.

బంతి ఎడమగా బయల్దేరి కుడికి వంగితే మాత్రం అది దారి తప్పు. క్లబ్ బయటి నుంచి లోపలికి, అంటే ఎడమకి వస్తోంది. చిన్న ఐరన్లలో లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎక్కువ, బంతి వెనక్కి తిరిగే స్పిన్ కూడా ఎక్కువ, కాబట్టి పక్కవంపు పెద్దగా కనిపించదు. అందుకే ఐరన్ నేరుగా ఎడమకి పోతుంది, లాఫ్ట్ తక్కువున్న డ్రైవర్‌లో అదే తప్పు పెద్ద స్లైస్ అవుతుంది. గడ్డి మీద ఐరన్ కొట్టినప్పుడు లేచిన డివట్ (గడ్డి చెక్కు లేచిన గుంట) చూడండి. అది జెండాకి ఎడమగా చూపిస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కాళ్లు సరిగ్గానే ఉన్నాయి, అయినా అదే వంపు

నన్ను ఎనిమిది నెలలు తిప్పలు పెట్టింది ఇదే. అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

నేను ప్రతిరోజూ నేల మీద కర్ర పెట్టి కాళ్లు సరిచూసుకునేవాణ్ని. పక్కా. అయినా డ్రైవర్ కుడికే పోయేది. గ్రిప్ బలంగా తిప్పాను. కొన్నాళ్లు బాగుందనిపించి, తర్వాత బంతి ఎడమకి ముడుచుకుని నేలబారుగా పోవడం మొదలైంది. డ్రైవర్ కూడా మార్చాను. చివరికి ఒకరోజు కోర్స్‌లో (అసలు ఆట ఆడే మైదానంలో) నా బ్యాగ్ మోస్తున్న పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా క్యాడీ, ఆట అయ్యాక నన్ను రేంజ్‌కి తీసుకెళ్లాడు. బంతి దగ్గర నిలబడమని, ఒక క్లబ్ తీసి నా రెండు భుజాలకి ఆనించి పట్టుకున్నాడు. "సార్, కదలకుండా అలాగే ఉండి తల తిప్పి చూడండి" అన్నాడు. చూశాను. కాళ్లు జెండా పక్కకి ఉన్నాయి. భుజాల మీది క్లబ్ మాత్రం ఎక్కడో ఎడమవైపు నీళ్ల ట్యాంకు దగ్గరికి చూపిస్తోంది.

క్లబ్ భుజాలు చూపిన దిక్కుకి పోతుంది, కాళ్లు చూపిన దిక్కుకి కాదు. చేతులు వేలాడేది భుజాల నుంచే కదా.

మరి కాళ్లు సరిగ్గా ఉండి భుజాలు ఎందుకు తెరుచుకుంటాయి, అంటే ఎందుకు ఎడమకి తిరుగుతాయి? రెండు కారణాలు. గ్రిప్‌లో కుడిచెయ్యి ఎడమచేతి కంటే కిందికి ఉంటుంది. ఆ చేతిని పైనుంచి చాచి పట్టుకుంటే కుడి భుజం ముందుకు వచ్చేస్తుంది. క్రికెట్ ఆడి వచ్చినవాళ్లలో ఇది ఎక్కువగా చూశాను, కింది చేత్తో బ్యాట్ మీద పట్టు బిగించే అలవాటు ఇక్కడా వచ్చేస్తుంది. రెండోదే అసలు దొంగ: బంతి రోజుకి కొంచెం కొంచెంగా ముందుకు, అంటే ఎడమకాలి వైపుకి జరిగిపోతుంది. ఇవాళ ఉన్న చోటు నిన్నటికంటే అర అంగుళం ముందు, మీకు తెలియనే తెలియదు. దాన్ని అందుకోవడానికి కుడిభుజం సాగుతుంది, భుజాల గీత ఎడమకి తిరుగుతుంది. దానికి తోడు స్వింగ్ గుండ్రంగా పోయేది కాబట్టి, ముందుకు జరిగిన బంతిని చేరేసరికి క్లబ్ అప్పటికే లోపలికి, ఎడమకి తిరుగుతుంటుంది. అంటే ఒకే తప్పు రెండు దెబ్బలు కొడుతుంది.

బంతి జరిగినట్టు కంటికి ఎందుకు తెలియదంటే, మనం ఎడమ పాదాన్ని కొంచెం బయటికి తిప్పి నిలబడతాం. బూటు ముందుభాగం జెండా వైపుకి జరుగుతుంది. దానితో పోల్చి చూస్తే బంతి వెనకున్నట్టే కనిపిస్తుంది, అందుకని ఇంకా ముందుకు పెడతాం. ఎప్పుడైనా సరే బూటు ముందుభాగాన్ని కాదు, మడమనే చూడాలి.

పరీక్ష ఇలా చేయండి. ఒక క్లబ్ కాళ్ల ముందు. ఇంకో క్లబ్ దానికి అడ్డంగా, మీ ఎడమ మడమ లోపలి అంచు నుంచి బంతి వైపుకి. డ్రైవర్‌కి బంతి ఆ గీత దగ్గర ఉండాలి, దాటిపోకూడదు. ఏడో నంబర్ ఐరన్‌కి కాళ్ల మధ్యకి కాస్త ముందు, అంతే. తర్వాత ఫోన్‌ని మీ కుడిపక్క, జెండా గీతకి వెనకాల, చేతుల ఎత్తులో పెట్టి ఒక ఫోటో తీయించుకోండి. అందులో రెండు ముంజేతులు చూడండి. కుడి ముంజేయి మీదుగా ఎడమ ముంజేయి కొద్దిగా కనబడాలి. కుడిది ఎడమదాన్ని పూర్తిగా కప్పేస్తోందంటే భుజాలు తెరుచుకుని ఉన్నట్టే. ఎవరూ పక్కన లేకపోతే, నిలబడ్డాక ఒక క్లబ్‌ని రెండు ముంజేతుల మీద అడ్డంగా ఆనించుకుని, అది ఎటు చూపిస్తోందో చూడండి.

సరిచేసుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఇదే. బంతి వెనక క్లబ్‌ని ఎడమచేత్తో మాత్రమే పెట్టండి. ఫేస్ జెండా వైపుకి ముందు సరిచేయండి, తర్వాత కాళ్లు. కుడిచేతిని ఊరికే కిందికి వదిలేయండి. వేళ్లు కుడి మోకాలి పక్కదాకా జారేలా నడుము పైభాగాన్ని కాస్త కుడికి వంచండి. కుడిభుజం తనంతట తానే కిందికి, వెనక్కి వెళుతుంది. ఇప్పుడు ఆ చేతిని పైనుంచి కాదు, కిందనుంచి తెచ్చి క్లబ్ పట్టుకోండి. కుడి మోచేయి కొంచెం మెత్తగా, పొట్ట వైపుకి చూస్తూ ఉండాలి. ముప్పై సార్లు బంతి కొట్టకుండా ఇలా నిలబడి, పక్కకి జరిగి, మళ్లీ నిలబడండి. తర్వాత ఏడో నంబర్ ఐరన్‌తో నడుము ఎత్తు దాకా స్వింగ్‌తో ఇరవై బంతులు. పూర్తి స్వింగ్ ఆ తర్వాతే, డ్రైవర్ అన్నిటికంటే చివర.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. భుజాలు సరిచేసిన మొదటిరోజు బంతి మొదటినుంచే కుడికి పోవచ్చు. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి పాత పద్ధతికి వెళ్లిపోతారు. దయచేసి వెళ్లకండి. దారి సరైంది, ఇన్నాళ్లూ ఆ తప్పు దారికి తోడుగా తెరిచి పట్టుకున్న ఫేస్ మాత్రం ఇంకా మిగిలింది. అది గ్రిప్ పని. ఇప్పుడు కణుపులు లెక్కపెట్టుకోండి, కొద్దిరోజుల్లో కుదురుకుంటుంది.

క్లబ్ బంతి వెనక నేలకి తగులుతోంది, లేదా బంతి నెత్తికి తగులుతోంది

రెండూ ఒక్క చోటు నుంచే వస్తాయి: స్వింగ్ అడుగుభాగం బంతికి వెనకే అయిపోతోంది. "తల ఎత్తుతున్నావ్" అని అందరూ అనే మాట ఎక్కువసార్లు నిజం కాదు. బరువు కుడికాలి మీదే ఉండిపోతోంది, లేదా డౌన్‌స్వింగ్‌లో (క్లబ్ కిందికి దిగేటప్పుడు) తుంటి బంతి వైపుకి వచ్చి ఒళ్లు నిటారుగా లేస్తోంది. మడిచిన టవల్‌ని బంతికి నాలుగైదు అంగుళాల వెనక పెట్టి, దాన్ని తాకకుండా ఐరన్ కొట్టండి. స్వింగ్ అయ్యాక కుడి బూటు మొన మాత్రమే నేలకి ఆని, మడమ పూర్తిగా లేచి ఉండాలి.

బంతి క్లబ్ మెడకి తగిలి అడ్డంగా కుడికి దూసుకుపోతే అది షాంక్. చాలావరకు బంతికి మరీ దగ్గరగా నిలబడటం, లేదా బరువు బూటు మొనల మీదికి రావడం. అర అడుగు వెనక్కి జరగకండి, ఒక్క అంగుళం చాలు.

రేంజ్‌లో బాగుంది, కోర్స్‌లో పోతోంది

రేంజ్‌లో వేసే కృత్రిమ గడ్డి మ్యాట్ మోసం చేస్తుంది. బంతికి రెండు అంగుళాల వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని లేపేస్తుంది, అదే గడ్డి మీద అయితే మట్టిలో దిగబడుతుంది. వీలున్నప్పుడల్లా గడ్డి మీదే సాధన చేయండి.

రేంజ్‌లో చతురస్రపు మ్యాట్ అంచే మీ కాళ్లకి గీత గీసి ఇస్తుంది. కోర్స్‌లో ఆ గీత ఉండదు. పైగా టీ గుర్తుల (మొదటి దెబ్బ కొట్టే చోటుని చూపేవి) వరస చాలాసార్లు ఫెయిర్‌వే (పొట్టి గడ్డి దారి) మధ్యకి కాక చెట్ల వైపుకి చూపిస్తుంది, మనం తెలియకుండా దాన్నే నమ్ముతాం. ఆటలో నేల మీద క్లబ్ పెట్టుకుని దిక్కు చూసుకోకూడదు, కొట్టేముందు తీసేసినా రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ. 2019 నిబంధనల నుంచి, మీరు నిలబడటం మొదలుపెట్టాక క్యాడీ వెనకాల గీతలో ఉండి చూడటం కూడా కుదరదు. అందుకని గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ చేసినట్టు చేయండి: బంతి వెనక నిలబడి, జెండాకి వెళ్లే గీతలో బంతికి రెండు మూడు అడుగుల ముందున్న ఒక ఎండుటాకునో పాత డివట్‌నో ఎంచుకుని, క్లబ్ ఫేస్‌ని దానికి చూపించండి. ఉన్నదాన్ని ఎంచుకోవాలి, మీరుగా ఏదీ పెట్టకూడదు.

మిగతావి

షాఫ్ట్ (క్లబ్ కర్ర) మెత్తన, షాఫ్ట్ గట్టి, లై యాంగిల్ (కర్రకీ క్లబ్ తలకీ మధ్య కోణం) తేడా, ఇవన్నీ ఉన్నవే గానీ అరుదు. భుజాలు, బంతి చోటు, గ్రిప్ సరిచూసుకుని రెండు నెలలయ్యాకే ఫిట్టర్ (క్లబ్‌లని మీకు సరిపడేలా చేసే నిపుణుడు) దగ్గరికి వెళ్లండి. డ్రైవర్ మాత్రమే వంగుతూ ఐరన్లు నేరుగా జెండా వైపుకే పోతుంటే, బంతి వెనక వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి ఒకటి కొట్టి, ఫేస్ మీద ఆ చుక్క ఎక్కడ పడిందో చూడండి. మీ వైపున్న అంచు దగ్గర పడితే ఫేస్, దారి రెండూ బాగున్నా బంతి కుడికి వంగుతుంది. గ్రిప్ రబ్బరు అరిగి జారుతుంటే మార్పించేయండి, దానికి పెద్ద ఖర్చు కాదు.