రెండో భాగం రాసే విద్య – 3వ పాఠం: తెలిసిన దెయ్యంతోనే భయపెట్టడం

కిందటి పాఠంలో తయారుచేసిన పట్టిక ముందు పెట్టుకోండి. మీరు సీక్వెల్ (రెండో భాగం) రాయబోయే దెయ్యం సినిమా ఉంది కదా, దాని మొదటి భాగంలో ప్రేక్షకుడు ఉలిక్కిపడే ప్రతి చోటూ, ఎన్నో నిమిషమో అంకెతో సహా అందులో ఉండాలి. లేకపోతే ఆ సినిమా ఇంకోసారి చూసి రాసుకున్నాకే ముందుకు రండి.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన ఒక గుర్తు వెయ్యండి. ఉలిక్కిపడింది చప్పుడుకైతే 'చ'. ఏదో కనబడినందుకైతే 'క'. జరగబోయేది ముందే తెలిసి, అది జరక్కముందే గుండె దడదడలాడితే 'తె'.

బలహీనమైన మొదటి భాగాల్లో 'చ'లు బారులు తీరి ఉంటాయి. వాటిని మోసుకురావద్దు. చెవి చప్పుడుకు త్వరగా అలవాటు పడుతుంది. నాలుగోసారికి, సంగీతం ఆగగానే ప్రేక్షకుడు సర్దుకుని కూర్చుంటాడు. దెయ్యం మొహం అందరూ చూసేశారు కాబట్టి 'క'లకూ పదును తగ్గింది. చివరికి రెండో భాగానికి మిగిలే పెట్టుబడి 'తె' ఒక్కటే.

2014లో వచ్చిన దెయ్యం సినిమా 'ఊయిజా'ను విమర్శకులు చీల్చి చెండాడారు. దానికి ప్రీక్వెల్‌గా (అంతకుముందు జరిగిన కథగా) 2016లో మైక్ ఫ్లానగన్ తీసిన 'ఊయిజా: ఆరిజిన్ ఆఫ్ ఈవిల్' మాత్రం మెప్పు పొందింది. కథాకాలం 1967, లాస్ ఏంజెలెస్. భర్త పోయిన తల్లి, ఆత్మలతో మాట్లాడిస్తానని డబ్బు తీసుకుంటూ ఉంటుంది. కూతుళ్లిద్దరూ చాటున ఉండి సాయపడతారు. ఆ బూటకం ఎలా నడుస్తుందో దర్శకుడు మొదట్లోనే విప్పి చూపిస్తాడు. అందుకే తర్వాత నిజంగా ఏదైనా జరిగినప్పుడు మన కళ్లు ఆ చాటు మనుషుల కోసం వెతుకుతాయి. అక్కడ ఎవరూ ఉండరు. ఇంకోచోట చిన్న కూతురు డోరిస్, గొంతు నులిమితే ఎలా ఉంటుందో ఒక కుర్రాడికి తాపీగా వర్ణించి చెబుతుంది. భయమంతా ఆ మాటల్లోనే ఉంది. రాతతో ఎంత చెయ్యొచ్చో తెలియాలంటే ఆ సీను చూడండి.

ఇక మన నమూనా. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ సుమారు ఒక నిమిషం. మీ దెయ్యం గడియ వెయ్యని తలుపులోంచే రాగలదని మొదటి భాగంలో తేలిందనుకోండి.

12వ పేజీలో తల్లి పిల్ల గదిలోకి వచ్చి తలుపు గడియ వేస్తుంది. అది వదులై సగమే పడుతుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు. 30వ పేజీలో అదే గది, రాత్రి. పిల్ల నిద్రపోతోంది. గడియ నెమ్మదిగా జారి ఊడుతుంది. తలుపు బెత్తెడు తెరుచుకుంటుంది. ఏమీ జరగదు, తెల్లారుతుంది. 48వ పేజీలో తండ్రి కొత్త గడియ బిగించి, రెండుసార్లు లాగి చూస్తాడు. ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. 66వ పేజీలో గడియ గట్టిగా పడే ఉంటుంది, దెయ్యం మాత్రం గదిలో ఉంటుంది. అది 30వ పేజీ రాత్రే లోపలికి వచ్చేసింది. తండ్రి పిల్లతోపాటు దాన్నీ లోపలే పెట్టి గడియ బిగించాడు.

ఇది మూడు చోట్ల చెడుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు నియమం తప్పడం: దెయ్యం ఒక్కసారి గోడలోంచి దూరి వస్తే గడియకు విలువ పోతుంది, ఆ తర్వాత ఏ తలుపూ భయపెట్టదు. రెండోది 30వ పేజీలో సంగీతం. గడియ జారేటప్పుడు వయొలిన్ మోగితే మీ 'తె' కాస్తా 'చ' అయిపోతుంది. దూరం నుంచి, కోత లేని ఒకే షాట్ అని రాయండి. మూడోది ఎడం. రెండు ప్రస్తావనల మధ్య పది పేజీలైనా లేకపోతే పన్నాగం పసిగట్టేస్తారు, పాతిక దాటితే గడియ సంగతే మరిచిపోతారు.

అభ్యాసం: మీ పట్టికలోంచి దెయ్యానికున్న నియమం ఒకటి తీసుకుని ఇలాంటి నాలుగు మెట్లు రాయండి. ఒక్కోటి అర పేజీ మించకూడదు, సంభాషణ ఉండకూడదు. దెయ్యం ఎప్పుడు లోపలికి వచ్చిందో మార్జిన్‌లో పేజీ అంకె వేసుకోండి. 4వ పాఠంలో, మొదటి భాగంలో బతికి బయటపడ్డ పాత్రను ఈ ఇంట్లోకి తీసుకొస్తాం.