మూలికల డీఎన్‌ఏ బార్‌కోడింగ్ – మూడో పాఠం: ఏ ముక్క చదవాలి?

పోయిన పాఠంలో ఎండు బెరడు నుంచి డీఎన్‌ఏ తీశాం. దాన్నంతా చదవక్కర్లేదు, మొక్క ఏదో గుర్తుపట్టడానికి చిన్న ముక్క చాలు; బార్‌కోడింగ్ అంటే అదే. ఏ ముక్క అన్నదే అసలు చిక్కు. అందరూ వాడుతున్నారు కదా అని ఆర్‌బీసీఎల్ (హరితరేణువులో ఉండే ఒక జన్యువు) ప్రైమర్లు, అంటే కావలసిన ముక్క చివర్లకు అంటుకునే పొట్టి డీఎన్‌ఏ తునకలు, తెప్పించేసుకోకండి. మీ అనుమానం ఏమిటో ముందు తేల్చుకోండి.

బెంగళూరు అవెన్యూ రోడ్డు వైపు ఏదో కొట్లో అశోక బెరడు కొన్నారనుకుందాం. దాని బదులు తరచుగా అంటగట్టేది నరమామిడి బెరడు. అదేనండీ, అపార్ట్‌మెంట్ల ప్రహరీ వెంట నిటారుగా పెంచే చెట్టు. అసలు అశోకది చిక్కుడు కుటుంబం, నరమామిడిది సీతాఫలం కుటుంబం. ఇంత దూరపువాళ్లను విడదీయడానికి ఆర్‌బీసీఎల్‌లోని సుమారు 550 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) ధారాళంగా సరిపోతాయి. ఈ ముక్క పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) పెద్దగా మొండికేయదు కూడా.

నేల ఉసిరి సంగతి వేరు. పొలం గట్ల మీద పీకి, ఎండబెట్టి, కట్టలు కట్టి అమ్ముతారు. కొట్టుకి చేరేసరికి ఆకులు రాలిపోయి పుల్లలూ, చిన్న కాయలూ మిగులుతాయి. నేల ఉసిరి, అంటే ఫిల్లాంథస్ అమారస్ కావాలంటే అదే ప్రజాతిలోని వేరే జాతులూ ఆ కట్టలోకి వచ్చేస్తాయి. ఈ అక్కచెల్లెళ్ల దగ్గర ఆర్‌బీసీఎల్ తడబడుతుంది. అది చాలా నెమ్మదిగా మారే జన్యువు. ఇక్కడ ఇంకా త్వరగా మారే ముక్కలు, ట్రన్‌హెచ్-పీఎస్‌బీఏ గానీ ఐటీఎస్2 గానీ పట్టుకోవాలి.

మొక్కలకు ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే (హరితరేణువులోని మరో జన్యువు) జంటను 2009లో ప్రామాణికంగా సిఫార్సు చేశారు. ఆ జంట కూడా జాతులను విడదీయగలిగింది 72 శాతం సందర్భాల్లోనే. పైగా మ్యాట్‌కే ప్రైమర్లు కొన్ని కుటుంబాల్లో అసలు అంటుకోవు. కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఐటీఎస్2 పొట్టిది, రెండు వందల బేసుల పైచిలుకు. పాతబడి ముక్కలైన డీఎన్‌ఏలోనూ దొరికే అవకాశం ఎక్కువ. కానీ ఒక మెలిక ఉంది. వర్షాకాలంలో గోనెసంచిలో ఉన్న సరుక్కి బూజు పడుతుంది. బూజు శిలీంధ్రమే; శిలీంధ్రాలకూ ఐటీఎస్ (ఐటీఎస్2 ఇందులో భాగమే) ఉంటుంది కాబట్టి, మీరు మూలిక అనుకుని బూజు సీక్వెన్స్ (బేసుల వరస) చదివే ప్రమాదం ఉంది. శిలీంధ్రాలకు హరితరేణువు లేదు, ఆర్‌బీసీఎల్‌తో ఆ టెన్షన్ లేదు. అందుకే బూజు వాసన వచ్చే నమూనాకి రెండూ చేయించండి.

అభ్యాసం: జెన్‌బ్యాంక్‌లో (డీఎన్‌ఏ సీక్వెన్సులు ఉచితంగా దొరికే ఆన్‌లైన్ భాండాగారం) అశోక, నరమామిడి ఆర్‌బీసీఎల్ సీక్వెన్సులు దించుకుని పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టండి. తర్వాత రెండు ఫిల్లాంథస్ జాతులకు ఆర్‌బీసీఎల్‌తో ఒకసారి, ఐటీఎస్2తో ఒకసారి అదే చేయండి. మూడు అంకెలూ రాసి పెట్టుకోండి, నాలుగో పాఠంలో వాటితోనే పని.