చలికాలం ముందు పిల్ల బాల్ పైథాన్ తిండి విషయంలో జాగ్రత్తలు

నాగుల చవితి దాటిందంటే ఇక్కడ డల్లాస్‌లో ఇళ్లలో హీటర్లు మొదలవుతాయి. పెంచుకునే బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) పిల్ల తిండి మానేసిందనే టెన్షన్ కూడా చాలామందికి అప్పుడే మొదలవుతుంది. మా పిల్ల పాము మొదటి చలికాలంలో ఐదు వారాలు ఏమీ ముట్టలేదు. తప్పు నాదే. తినలేదన్న బెంగతో రోజూ మూత తీసి చూశాను, చేతిలోకి తీసుకుని బుజ్జగించాను. నేను ముట్టుకున్నకొద్దీ అది తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుపోయేది. బెదిరిన పాము ఆకలేసినా తినదు.

కాబట్టి ముందు దాక్కునే చోటు చూడండి. ఇవి సహజంగా బతికే పశ్చిమ ఆఫ్రికాలో పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటాయి. పెద్ద గాజు పెట్టెలో వదిలితే పిల్లకు నడివీధిలో ఉన్నట్టే. చిన్న టబ్ చాలు. అందులో ఒళ్లు గోడలకు ఆనుకునేంత ఇరుకైన గూళ్లు రెండు పెట్టండి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి.

వెచ్చని వైపు 88–90 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లని వైపు 78 దగ్గర ఉండాలి. చలి తగిలితే తిన్నది అరగక కక్కేస్తుంది. థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేకుండా హీట్ మ్యాట్ (టబ్‌ను వెచ్చబెట్టే కరెంటు పరుపు) వాడొద్దు, పొట్ట కాలుతుంది. హీటర్ గాలిని ఎండబెడుతుంది కాబట్టి తేమ 60 శాతానికి తగ్గకుండా చూసుకోండి.

"కాసిన్ని పాలైనా పోసి చూడవే" అంది అమ్మ ఫోన్‌లో. పాలు పాముకు పడవు. మంచినీళ్ల గిన్నె ఉంటే చాలు.

ఫ్రోజెన్ ఎలుకను ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి. మర్నాడు కవర్లో పెట్టి వేడినీళ్లలో ముంచితే ఒళ్లు వెచ్చబడుతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు. ఎలుక లావు పాము నడుం లావును మించకూడదు. పై పెదవి మీదున్న గుంటలతో పాము వేడిని పసిగడుతుంది, అందుకే తల భాగం బాగా వెచ్చగా ఉండాలి. చీకటిపడ్డాక గదిలో లైటు తీసేసి, పొడవాటి పట్టకారుతో గూటి ముందు మెల్లగా కదపండి. మొహం మీదికి తోయొద్దు. మా పిల్ల ముందు ముక్కు ఒక్కటే బయటపెట్టేది. నాలుక ఆడించడం నెమ్మదించి, మెడ వంపు తిరిగిందంటే మీరు ఊపిరి బిగపట్టి ఆగాలి. ఆ క్షణంలో చెయ్యి వణికినా వెనక్కి పోతుంది. తీసుకోకపోతే ఎలుకను గూటి దగ్గర పెట్టి, తెల్లారేదాకా అటు వెళ్లకండి.

అప్పటికీ తినకపోతే వారం ఆగండి, రోజూ ప్రయత్నించొద్దు. కళ్లు నీలంగా మారితే కుబుసం విడిచేదాకా తిండి ఊసే వద్దు. బతికున్న ఎలుకను వదిలేసి వెళ్లొద్దు, పామునే కొరికేస్తుంది.

వారానికోసారి గ్రాముల్లో బరువు రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే కంగారు అక్కర్లేదు. వరసగా తగ్గుతున్నా, వెన్నెముక తేలినా, నోట్లో బుడగలు కనిపించినా సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి వెళ్లండి. నోరు తెరిచి బలవంతంగా కుక్కడం మీరు చేసే పని కాదు.

తిన్నాక రెండు రోజులు చెయ్యి వేయకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అంటుకోవచ్చు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే పామును వాళ్ల చేతికి ఇవ్వనే వద్దు.