కవచం కింద వేసుకునే మెత్త అంగీ: జూలైకి ముందే చూసుకోండి

పోలండ్‌లోని గ్రున్‌వాల్డ్‌లో 1410 జూలై 15న జరిగిన యుద్ధాన్ని ఏటా అదే నెలలో మళ్లీ ఆడి చూపిస్తారు. ఒంటి నిండా ఇనుము, పైన ఎండ. అందులో చేరే కొత్తవాళ్ల డబ్బంతా కవచానికే పోతుంది. లోపల వేసుకునే మెత్త అంగీ, అంటే గాంబెసన్, దగ్గరకొచ్చేసరికి ఏది దొరికితే అది కొనేస్తారు. ముందు కొనాల్సింది అదే. కవచానికి కొలతలు దాన్ని తొడుక్కునే ఇవ్వాలి. లేకపోతే ఛాతీ పలక మూసుకోదు, మూసుకున్నా ఊపిరాడదు.

మందంగా ఉంటే మంచిదనుకోకండి. ఇనుము లేకుండా విడిగా వేసుకునేదానికే పొర మీద పొర కావాలి. గొలుసు కవచం కత్తి కోతను ఆపుతుంది గానీ దెబ్బ అదురును ఆపలేదు, కాబట్టి దాని కింద ఓ మోస్తరు మెత్త తప్పదు. పలకల కవచం కిందకి పలచనిదే హాయి. 15వ శతాబ్దపు ఇంగ్లండ్ రాతప్రతి ఒకటి యోధుడికి చొక్కానే వద్దంటుంది: శాటిన్ లైనింగ్ వేసి, నిండా కంతలు కోసిన డబ్లెట్ (ఒంటికి బిగుతుగా ఉండే పొట్టి అంగీ) ఒక్కటి చాలట. కాలి కవచం ఒరుసుకోకుండా మోకాళ్ల చుట్టూ పలచని దుప్పటి గుడ్డ చుట్టమంటుంది. ఇది ఇప్పటికీ పనికొచ్చే చిట్కానే. బుహర్ట్ అనే కవచాల పోరాట పోటీలో నిజంగానే బాదుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లు పోటీ నిబంధనలు అడిగినంత మెత్త వేసుకోవాల్సిందే.

తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తండి. అంచు నడుము మీంచి పైకి జరిగితే చంక దగ్గర కోత తప్పు, ఎంత చవకైనా వదిలేయండి. 1364లో చనిపోయిన ఫ్రెంచి ప్రభువు చార్లెస్ డి బ్లోయిస్‌దిగా చెప్పే అంగీకి చేతులు ఛాతీలోకి గుండ్రంగా చొచ్చుకొచ్చేలా కుట్టారు. అందుకే చెయ్యి ఎటైనా తిరుగుతుంది. కాలి కవచాన్ని దీనికే కట్టుకుంటే నడుము దగ్గర బిగువుగా ఉండాలి, లేదంటే బరువంతా భుజాల మీదే పడుతుంది.

లినెన్ లేదా నూలు బట్ట, లోపల దూదో ఊలో ఉంటే మంచిది. పాలిస్టర్ దూది చవకే, కానీ చెమట బయటికి పోదు. చలిమంట నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఎండలో తల తిరిగితే ఆట ఆపేసి, హెల్మెట్‌తో పాటు గాంబెసన్ కూడా విప్పి నీడకు చేరండి. మాట తడబడితే తడి గుడ్డలు వేస్తూనే అంబులెన్స్ పిలవాలి. తాళ్లు బిగుసుకుపోతే విప్పే టైం ఉండదు, కోసేందుకు కత్తెర పక్కనే ఉంచండి.

సాయంత్రం అంగీని తిరగేసి ఆరేయండి. తడిదాన్ని కవచంతో పాటు సంచిలో కుక్కితే ఇనుముకు తుప్పు, బట్టకు మరకలు.