వాయుగుండం రాకముందే వర్చువల్ మెషిన్ల తలుపులు చూసుకోండి

వాయుగుండం వార్త రాగానే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందని ఒకటి. "రేపటి నుంచి మా వాళ్లు ఇళ్ల నుంచే పనిచేస్తారు, ఆఫీసు సర్వర్ అందేలా ఏదో ఒకటి తెరిచి పెట్టండి సార్" అని రెండోది. బ్యాటరీ లెక్క చెప్పడం తేలిక. ఆ "ఏదో ఒకటి" అన్న మాట వింటేనే నాకు గుబులు.

ఇంటి నుంచి పని వద్దని నేను అనను. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, నెల్లూరులో ఎవరైనా ఆఫీసుకు ఎలా వస్తారు? రొయ్యల మేత అమ్మేవారికి, హేచరీల వారికి, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులకు తుఫాను వచ్చినా బిల్లులు ఆగవు. ఇలాంటి చోట్ల ఇప్పుడు ఒకే సర్వర్ మీద మూడు నాలుగు వర్చువల్ మెషిన్లు, అంటే వేరువేరు కంప్యూటర్లలా పనిచేసే సాఫ్ట్‌వేర్ మెషిన్లు, నడుస్తుంటాయి: ఒకదానిలో ట్యాలీ, ఇంకొకదానిలో జీతాల లెక్క, మరొకదానిలో కెమెరాల రికార్డు. వీటికి దారి ఇవ్వవలసిందే. కాకపోతే ఆ పని సెప్టెంబరులో తీరిగ్గా చేయాలి, హెచ్చరిక జెండా ఎగరేసిన సాయంత్రం కాదు.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వర్చువల్ మెషిన్‌కు తలుపులు రెండు. లోపలి విండోస్ ఇచ్చే రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచి దాని తెర మీద పనిచేసే సదుపాయం, ఒకటి. ఆ మెషిన్‌ను మోస్తున్న హోస్ట్ సాఫ్ట్‌వేర్ (వర్చువల్‌బాక్స్, ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ లాంటివి) చూపే కన్సోల్ తెర, అంటే మెషిన్‌కు నేరుగా తగిలించిన మానిటర్ లాంటిది, రెండోది. మొదటిదానికి తాళం వేసి రెండోదాన్ని మరచిపోయిన ఆఫీసులే నాకు ఎక్కువ కనిపించాయి.

మొదటి తలుపు సంగతి. రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా 3389 నంబరు పోర్టు (నెట్‌వర్క్‌లో ఒక్కో సేవ వాడే ద్వారం) మీద వింటుంది. తొందరలో అందరూ చేసేది రూటర్‌లో ఆ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవడం. నాకు తెలిసిన ఒక వ్యాపారి శుక్రవారం ఇలాగే తెరిచి, సోమవారం నన్ను పిలిచారు. ఎవరెవరు లాగిన్‌కు ప్రయత్నించారో విండోస్ రాసుకునే సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు నమోదులు, అంటే విఫలమైన లాగిన్ ప్రయత్నాలు, పేజీల కొద్దీ ఉన్నాయి. ఎవరో ఆయన మీద పగబట్టి చేసినవి కావు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్‌నంతా జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. పోర్టు నంబరు మార్చామని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. ఇంటి నంబరు పలక మార్చితే దొంగ దారి తప్పుతాడా?

కాబట్టి ముందు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసుకు తాళం వేసిన సొంత దారి), దాని లోపలే రిమోట్ డెస్క్‌టాప్. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సాఫ్ట్‌వేర్ చిన్న ఆఫీసుకు చాలు, లైసెన్సు ఖర్చు ఉండదు. మనిషికి ఒక కీ, అంటే ఆ దారికి తాళంచెవి, ఇవ్వండి. ఒకే కీ నలుగురికి పంచితే ఒకరి ల్యాప్‌టాప్ పోయిన రోజు నలుగురి దారీ మూసేయవలసి వస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లోని నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ ఆపకండి. పాస్‌వర్డ్ సరిపోయాకే తెర వచ్చేలా చేసేది అదే. 2019 మే నెలలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడిన బ్లూకీప్ అనే లోపాన్ని వాడుకోవడానికి అసలు లాగిన్ అవసరమే లేకపోయింది. అప్పటికే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసిందంటే తీవ్రత ఊహించుకోండి. అప్‌డేట్లు కూడా వానలకు ముందే ముగించండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ అథెంటికేషన్ ఉన్నప్పుడు గడువు తీరిన పాస్‌వర్డ్‌ను రిమోట్ డెస్క్‌టాప్ తెర మీద మార్చుకోవడం సాధారణంగా కుదరదు. తుఫాను మధ్యలో పాస్‌వర్డ్ గడువు తీరిందంటే అకౌంటెంటు ఇంట్లో, సర్వర్ ఆఫీసులో, మధ్యలో నడుము లోతు నీళ్లు. అక్టోబరు మొదటి వారంలోనే అందరి చేతా మార్పించండి.

లోపలికి ఎవరు రావచ్చన్నది "రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్" గుంపు తేలుస్తుంది. అయితే అడ్మినిస్ట్రేటర్లు ఆ గుంపులో లేకపోయినా లోపలికి రాగలరు. అందుకే ట్యాలీ పనిచేసే మనిషికి అడ్మిన్ హక్కు ఇవ్వకూడదు. జాబితా తెరిచి చూస్తే రెండేళ్ల కిందట మానేసిన వారి పేరు తప్పక ఉంటుంది. "అకౌంట్స్" అని అందరికీ కలిపి ఒకే ఖాతా ఉంటే ఈ సందర్భంలోనే విడదీయండి. ఇన్వాయిసు ఎవరు చెరిపారో తేల్చలేక తగవులు పడ్డ ఆఫీసులను చూశాను. విండోస్ ప్రో ఉన్న మెషిన్‌లో ఒకసారికి ఒక్కరే పనిచేయగలరని, రెండోవారు వస్తే మొదటివారు బయటికి పోతారని కూడా ముందే చెప్పండి. లేకపోతే అర్ధరాత్రి ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ మీకు ఫోన్ చేస్తారు.

ఇక రెండో తలుపు. వర్చువల్‌బాక్స్‌లో రిమోట్ డిస్‌ప్లే (కన్సోల్ తెరను నెట్‌వర్క్‌లో చూపే సదుపాయం) ఆన్ చేస్తే, మీరు మార్చేదాకా దాని అథెంటికేషన్ "నల్" అనే ఉంటుంది. అంటే పాస్‌వర్డ్ లేదు, చేరగలిగిన వారెవరైనా తెర చూడవచ్చు. పైగా అదీ 3389 నంబరునే వాడుతుంది కాబట్టి, తెరిచింది ఏ తలుపో యజమానికే తెలియదు. ప్రాక్స్‌మాక్స్‌లో మెషిన్ వారీగా అనుమతి ఇవ్వవచ్చు కానీ, సిద్ధంగా ఉండే పీవీఈవీఎంయూజర్ (PVEVMUser) పాత్రలో, అంటే హక్కుల కట్టలో, మెషిన్‌ను ఆపే హక్కు కూడా కలిసి ఉంటుంది. తెర మాత్రమే చాలనుకుంటే వీఎం ఆడిట్ (VM.Audit), వీఎం కన్సోల్ (VM.Console) ఈ రెండు హక్కులతో కొత్త పాత్ర తయారు చేయండి. హైపర్-వీలో ఎవరినీ హైపర్-వీ అడ్మినిస్ట్రేటర్స్ గుంపులో పడేయకండి. ఒక్క మెషిన్‌కే కనెక్షన్ హక్కు ఇచ్చే ఆదేశం పవర్‌షెల్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఉంది.

కన్సోల్‌తో ఇంకో ప్రమాదం. మీరు అందులో లాగిన్ అయి కిటికీ మూసేసినా లోపల విండోస్ తెరిచే ఉంటుంది. తరువాత కన్సోల్ తెరిచినవారు నేరుగా మీ కుర్చీలో కూర్చున్నట్టే. లేచే ముందు లాక్ చేయాలి, పది నిమిషాలకు తెర దానంతట అదే లాక్ అయ్యేలా కూడా పెట్టాలి.

ఇంట్లో కరెంటు పోయి నెట్ తెగినప్పుడు ఆఫీసులో నడుస్తున్న రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ చావదు, తెగి వేచి ఉంటుంది. సగం కొట్టిన ఎంట్రీ అలాగే ఉంటుంది. దాన్ని అయిదు నిమిషాలకే లాగాఫ్ చేయించే కఠిన నియమం పెట్టి మంచి పని చేశామనుకోకండి. వానాకాలంలో కొన్ని గంటలు ఆగనివ్వండి.

లాగ్‌లు దాచండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉండాలి, చొరబాటు గమనించిన 6 గంటల్లోగా వారికి తెలియజేయాలి.

తాత్కాలికంగా ఇచ్చిన ప్రతి ఖాతాకూ విండోస్‌లోనే గడువు తేదీ పెట్టండి, డిసెంబరు 31 అని. తీసేయాలని మీకు గుర్తుండకపోవచ్చు, మెషిన్‌కు గుర్తుంటుంది. జనవరిలో ఎవరైనా "లాగిన్ కావడం లేదండీ" అని ఫోన్ చేస్తే, ఇంకా అవసరమా అని అప్పుడు మాట్లాడుకోవచ్చు.