క్యాంపస్ కాంట్రాక్టు కార్మికుల జీతాల విషయంలో విద్యార్థులు ఎలా పనిచేయాలి

హాస్టల్ వరండాలు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, మెస్‌లో గిన్నెలు తోమే వారిలో చాలామంది ఇవాళ విశ్వవిద్యాలయ ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్ కింద పనిచేసేవారు. వారికి జీతాలు సరిగా అందడం లేదని తెలియగానే విద్యార్థులకు మొదట తోచేది ధర్నా. ఆ ధర్నా బెడిసికొడితే విద్యార్థికి సాధారణంగా ఒక షోకాజ్ నోటీసు వస్తుంది, కార్మికురాలికి మాత్రం రేపటి నుంచి పనిలోకి రావద్దన్న ఒక్క మాటతో ఇల్లు గడిచే దారి మూసుకుపోతుంది. అందుచేత బృందం తొలి సమావేశంలోనే తేల్చుకోవలసినది, నష్టం ఎవరి మీద పడుతుంది, దానికి వారు సిద్ధంగా ఉన్నారా అన్నది.

దీనికి జవాబు కార్మికులే చెప్పాలి. సూపర్‌వైజర్ కళ్లెదుట ఎవరూ నోరు విప్పరు కనుక, పని ముగిసి బస్సు కోసం ఎదురుచూసే వేళ పక్కన కూర్చుని మాట్లాడాలి. ఫొటోలు తీయకూడదు, పేర్లు రాసుకోకూడదు. వారికి సంఘం ఉంటే దాన్ని దాటి వెళ్లకూడదు. అన్నీ విన్న తరువాత వారు ఇప్పుడే వద్దంటే ఆగిపోవాలి. విద్యార్థి నాయకులకు మింగుడుపడనిది ఇదే.

వారు సరేనంటే ఆధారాల సేకరణ మొదలుపెట్టాలి. జీతం ఎంతమ్మా అని అడిగితే చేతికొచ్చే మొత్తమే చెబుతారు, కోతల సంగతి తెలియదు. పీఎఫ్ పాస్‌బుక్‌ను వారి అనుమతితో, వారి ఫోన్‌లోనే తెరిచి చూడాలి. పీఎఫ్ లెక్కకు తీసుకునే వేతనం 12,000 రూపాయలైతే, ప్రతి నెలా కార్మికురాలి వాటాగా 1,440, యజమాని ఇచ్చే 1,440లోంచి యజమాని వాటా గడిలో 440, పెన్షన్ గడిలో 1,000 రూపాయలు కనిపించాలి. జీతం చీటీలో 1,440 కోసినట్టు ఉండి పాస్‌బుక్‌లో ఆ నెల ఖాళీగా ఉంటే, ఎన్ని నినాదాలకైనా రాని బలం ఆ ఒక్క కాగితానికి వస్తుంది. వేతనం 21,000 రూపాయలు మించని వారికి ఈఎస్ఐ అనే ఉద్యోగుల ఆరోగ్య బీమా వర్తిస్తుంది కనుక ఆ కార్డు ఇచ్చారో లేదో కూడా కనుక్కోవాలి. జీతం బ్యాంకులోనే పడుతోందన్న మాటతో సరిపెట్టుకోకూడదు, ఏటీఎం కార్డు కార్మికురాలి దగ్గరే ఉందో, కాంట్రాక్టర్ మనిషి దగ్గరుందో అడగాలి.

రెండో వైపు లెక్క విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, విద్యార్థి తన పేరు మీదే దరఖాస్తు పెట్టాలి, ఏ కార్మికుడి పేరునా వద్దు. జీతాలు ఎందుకు తగ్గాయని అడిగితే పనికొచ్చే జవాబు రాదు, కాగితాలు అడగాలి: కాంట్రాక్టు ఒప్పందం ప్రతి, ఒక్కో కార్మికుడికి విశ్వవిద్యాలయం చెల్లించే రేటు, నెలవారీ బిల్లులు, వాటితో జతచేసిన పీఎఫ్ చలానాలు. కార్మికుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరించే వీలుంది, పైగా ఆ పేర్లతో మనకు పనీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ పైన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

విశ్వవిద్యాలయం ఇస్తున్న రేటుకూ, కార్మికురాలి చేతికి చేరుతున్నదానికీ ఉన్న తేడాను, ఆ సంస్థకు వర్తించే కనీస వేతనంతో పోల్చి, రిజిస్ట్రార్‌కు ఒకే పేజీ వినతిపత్రంగా ఇచ్చి, ప్రతిని కార్మిక శాఖకు పంపాలి. అది కాంట్రాక్టర్ వ్యవహారమన్న సమాధానం తప్పక వస్తుంది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించి అతని నుంచి రాబట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉన్న నియమం, దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కార్మిక కోడ్‌లోనూ అది కొనసాగింది. కనుక ఆ సమాధానాన్ని రాతపూర్వకంగా ఇమ్మని అడగడం మేలు.

ధర్నా అవసరం ఆ తరువాతే. 2001లో హార్వర్డ్ విద్యార్థులు అక్కడి కార్మికుల వేతనాల కోసం పాలక భవనంలో మూడు వారాలు బైఠాయించిన సంగతి అందరూ చెబుతారు, అంతకు ముందు రెండేళ్లకు పైగా సాగిన ప్రచారాన్ని చెప్పేవారు తక్కువ.

జీతాలు సర్దుబాటైనంత మాత్రాన ఫైలు మూయకూడదు. కాంట్రాక్టర్ మారినప్పుడు గట్టిగా మాట్లాడిన వారినే ముందు తీసేస్తారు. అందుకని కొత్త టెండరు ప్రకటనకు ముందే, పాత కార్మికులను కొనసాగించాలన్న షరతును టెండరు పత్రంలో చేర్చమని రిజిస్ట్రార్‌ను కోరాలి. చదువు ముగించి వెళ్లే విద్యార్థులు ఒప్పందం గడువు తేదీని, దరఖాస్తుల నకళ్లను జూనియర్లకు అప్పగించాలి.