డెన్వర్ పెరట్లో మొలవని బెండ, రాలే పూత: తప్పు విత్తనానిదా, వేళదా?

కొలరాడోలో డెన్వర్, అరోరా వైపు ఇల్లు కొన్న తెలుగువాళ్లు మొదటి వేసవికే పెరట్లో సొరపాదు పెట్టేస్తారు. జూన్ వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు మొదలవుతాయి: మొలవని మడి, తెల్లబడ్డ ఆకు, పసుపెక్కి రాలిన పిందె. కింద సలహాలు సరేసరి. విత్తనం పాతదేమో, ఎరువు వెయ్యండి, ఎప్సమ్ సాల్ట్ చల్లండి. చాలాసార్లు ఇవేవీ కావు, నాటిన వేళ తప్పింది అంతే.

ముందు ఇక్కడి వాతావరణం సంగతి. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది. మంచుతో కలుపుకొని ఏడాదికి 14, 15 అంగుళాలకు మించి వాన ఉండదు. గాలి పొడి. గాల్లో తేమ ఉంటే రాత్రి కూడా వేడి నిలుస్తుంది, కాకినాడలో అర్ధరాత్రి చెమటలు పట్టేది అందుకే. ఇక్కడ పొద్దుగూకగానే నేల వేడంతా ఆకాశానికి ఎగిరిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం 75 డిగ్రీలుండి, తెల్లవారుజామున 42కి పడిపోవడం మామూలే. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లో. 50 అంటే 10 సెల్సియస్, 60 అంటే పదిహేనున్నర.) మనకు పగటి ఎండే కనిపిస్తుంది, మొక్కకు మాత్రం రాత్రి లెక్క. అందుకే పగలు చూసి కాదు, రాత్రి చూసి నాటాలి.

ఫ్రాస్ట్ అంటే రాత్రి 32కి దిగి లేతాకును మాడ్చే గడ్డకట్టే చలి. వసంతంలో చివరి ఫ్రాస్ట్ సగటున మే మొదటి వారంలో, శరదృతువులో మొదటిది అక్టోబర్ మొదటి వారంలో వస్తాయి. సగటు అన్నారంటేనే చాలా ఏళ్లు అది తప్పుతుందని అర్థం. 2022లో మే 20, 21 తేదీల్లో మంచు పడింది, అంతకుముందు రోజు జనం నిక్కర్లేసుకుని తిరిగారు. 2020లో సెప్టెంబర్ 5న 101 డిగ్రీల ఎండ కాసి, 8న మంచు కురిసింది. మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం దాటాక నాటండని ఇక్కడి నర్సరీలు చెబుతాయి. టమాటాకు ఆ మాట చాలు, అదీ పక్కన దుప్పటి సిద్ధంగా ఉంటే. వంగ, బెండ, సొరలకు అది తొందరే.

గింజ వేసి రెండు వారాలైనా మొలవలేదు

బెండ, సొర, బీర, కాకర, గోంగూర అయితే ముందు ఒక గింజ తవ్వి చూడండి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా చితికి, పుల్లటి వాసన వస్తే చల్లటి తడి మట్టిలో కుళ్లిపోయినట్టు. గట్టిగానే ఉంటే ఇంకా ఆశ ఉంది, నేల వెచ్చబడగానే లేస్తుంది.

ఒక మట్టి థర్మామీటర్ కొనండి. అన్ని ఎరువుల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. నాలుగంగుళాల లోతుకు గుచ్చి పొద్దున్నే చూడాలి. మధ్యాహ్నం చూస్తే అది చెప్పేది ఎండ సంగతే గానీ నేల సంగతి కాదు. వరసగా నాలుగైదు రోజులు 40 దాటితే పాలకూర, బఠాణీ, ముల్లంగి వేసుకోవచ్చు. బీన్స్‌కు, దోసకు 60 కావాలి. బెండకు 65 కనీసం, 70 అయితే హాయిగా మొలుస్తుంది. తొందరగా కావాలంటే పది రోజుల ముందే మడి తడిపి నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచి ఉంచండి, లేదా ఏప్రిల్ చివర్లో ఇంట్లోనే చిన్న కుండీల్లో వేసుకోండి. సొర, బీర వేళ్లు కదిలిస్తే అలుగుతాయి కాబట్టి కుండీతో పాటే పాతుకునే పీచు కుండీలు మేలు.

కొత్తిమీర, మెంతి, క్యారెట్ మొలవకపోతే సంగతి వేరు. వాటికి చలి అడ్డు కాదు, పొడి అడ్డు. ఇక్కడిది ఎక్కువగా బంకమట్టి. పైన తడిపితే రెండు గంటల ఎండకు, గాలికి పెంకు కట్టేస్తుంది. లోపల గింజ మొలిచినా పైకి పొడుచుకు రాలేదు. విత్తే ముందురోజే మడిని లోతుగా తడపండి. గింజ మీద మట్టికి బదులు పలచగా వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పొట్టు) గానీ జల్లించిన కంపోస్ట్ గానీ చల్లి, పైన తడి గోనెపట్టా కప్పండి. పొద్దున, సాయంత్రం ఆ పట్టా మీదే నీళ్లు చిలకరించి, మొలక కనపడ్డ రోజున తీసెయ్యండి.

నాటిన నాలుగు రోజులకే నారు ఆకులు తెల్లగా, కాగితంలా అయ్యాయి

తెగులనుకుని మందు కొట్టకండి. అది ఎండదెబ్బ. ఈ ఎత్తులో ఎండ తీక్షణత ఎక్కువ, అతినీల కిరణాలూ ఎక్కువే. దానికి తోడు కొండల మీంచి దిగే పొడి గాలి. కిటికీ దగ్గరో గ్రీన్‌హౌస్‌లోనో పెరిగిన నారును తెచ్చి ఒక్కసారిగా నాటేస్తే తట్టుకోలేదు. వారం, పది రోజులు అలవాటు చేయాలి: మొదటి రోజు నీడలో గంటసేపు, తర్వాత రోజుకో గంట పెంచుతూ, చివర్లో పొద్దంతా ఎండలో. ఆఖరి రెండు రాత్రులు బయటే ఉంచండి. నర్సరీలో ఆరుబయటే కనపడిన మొక్కయినా సరే, అది నిన్ననే లారీ దిగి ఉండొచ్చు. చిగురు బతికుంటే తెల్లబడ్డ ఆకుల గురించి బెంగ వద్దు, కొత్తాకు వేస్తుంది.

మొక్క చావదు, పెరగదు. ఆకు వెనక ఊదారంగు

మే నెలంతా ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. టమాటా ఆకు తిప్పి చూస్తే ఈనెల వెంట ఊదారంగు కనిపిస్తుంది. నేల చల్లగా ఉంటే వేరు భాస్వరాన్ని తీసుకోలేదు. మట్టిలో భాస్వరం ఉంది, మొక్కకే అందడం లేదు. ఎరువు వేసినా అందదు. నేల వెచ్చబడితే ఆ రంగు దానంతటదే పోతుంది.

వంగ, మిరప ఇంకా మొండివి. రాత్రులు 50 కన్నా కిందికి పోతుంటే ముడుచుకు కూర్చుంటాయి. మే 10న నాటిన వంగ, జూన్ 1న నాటిన వంగ జూలైలో పక్కపక్కన చూస్తే చాలాసార్లు రెండోదే ఏపుగా ఉంటుంది. నన్నడిగితే వంగను బయట పెట్టడానికి రోహిణి కార్తె సరైన వేళ. అక్కడ రోళ్లు పగిలే ఎండలు, ఇక్కడ అదే మే 25 ప్రాంతంలో నేల సరిగ్గా వంగకు సరిపడా వెచ్చబడుతుంది. నారు మాత్రం మార్చి మధ్యలో ఇంట్లో పోసుకోవాలి. వంగ, మిరపలకు ఎనిమిది నుంచి పది వారాలు, టమాటాకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఆగలేనివాళ్లకు వాల్ ఓ వాటర్ అని ఒకటి దొరుకుతుంది. మొక్క చుట్టూ నిలబెట్టే నీటి గొట్టాల కంచె అది. పగలు నీళ్లు వేడెక్కి రాత్రి ఆ వేడిని మొక్కకు వదులుతాయి. దాంతో టమాటాను రెండు, మూడు వారాలు ముందు నాటుకోవచ్చు. ఫ్రాస్ట్ వచ్చే రాత్రికి ముందు మడి తడిపి ఉంచడం కూడా అదే సూత్రం. తడి నేల పొడి నేల కన్నా ఎక్కువ వేడి దాచుకుంటుంది.

టమాటా నిండా పూత, ఒక్క పిందె నిలవదు

రాత్రి 55 కన్నా తక్కువ ఉన్నా, పగలు 90 దాటినా పుప్పొడి సరిగ్గా పని చేయదు, పువ్వు కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. డెన్వర్‌లో జూన్ రాత్రులు సగటున 55 లోపే. జూలై పగళ్లు చాలాసార్లు 90 పైనే. మధ్యలో దొరికే కిటికీ చిన్నది. పెద్దకాయ రకాలు ఆ కిటికీ కోసం కాచుకుని ఉంటాయి, చెర్రీ టమాటాలు అంత పట్టించుకోవు. అందుకే కొత్తవాళ్లు సగం చెర్రీ రకాలు వేసుకోవడం తెలివైన పని. వేడి మరీ ముదిరితే మధ్యాహ్నం పూట 30 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుగడ్డి పరచండి. ఆకులు దట్టంగా, నల్లపచ్చగా ఉండి పూత రాలుతుంటే నత్రజని ఎక్కువైంది, ఎరువు ఆపండి.

విత్తనాల ప్యాకెట్ మీద 65 రోజులు, 85 రోజులు అని ఉంటుంది చూశారా, టమాటా, వంగ, మిరపలకు ఆ లెక్క నారు నాటిన రోజు నుంచి, గింజ వేసిన రోజు నుంచి కాదు. చల్లటి రాత్రుల వల్ల ఇక్కడ ఇంకో వారమో రెండో కలుపుకోండి. 75 దాటిన రకం ఎంత గొప్పదైనా నేను వదిలేస్తాను.

కొత్తిమీర జానెడు లేవకుండానే పూతకొచ్చింది

దీనికి మూలం ఎండ ఒక్కటే కాదు, పగటి నిడివి కూడా. జూన్ నెలాఖరున హైదరాబాద్‌లో పగలు 13 గంటల పైచిలుకు ఉంటే డెన్వర్‌లో దాదాపు 15 గంటలు. పొద్దు పెరిగి, వేడి తోడైతే కొత్తిమీర, పాలకూర కాడ లేపి విత్తనానికి పరుగెడతాయి. ఎంత కత్తిరించినా ఆగవు. ఏప్రిల్ మొదట్లో ఒకసారి, ఆగస్ట్ మధ్యలో మరోసారి వేయండి, రెండో విడతే రుచి. నడుమ ఎండాకాలాన్ని తోటకూర, బచ్చలి, గోంగూరకు వదిలెయ్యండి. అవి ఎండకు పుట్టినవి.

చిక్కుడు పందిరంతా అల్లుకుంది, పువ్వు లేదు

ఇది పై దానికి తలకిందులు. మన పందిరి చిక్కుడులో చాలా రకాలు పగలు కుదించుకుపోతేనే పూస్తాయి. మన దగ్గర సంక్రాంతికి కాయలు దిగేది అందుకే. ఇక్కడ పగలు 12 గంటలకు దిగేది సెప్టెంబర్ 20 తర్వాత. అప్పుడు మొగ్గ తొడిగితే కాయ ముదిరేలోపు చలి కొట్టేస్తుంది. నీళ్లు, ఎరువు, కత్తిరింపు ఏదీ ఉపయోగపడదు. రకం మార్చాల్సిందే. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ తెచ్చిన అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలు పగటి నిడివిని పట్టించుకోవు. అవి దొరక్కపోతే బుష్ బీన్స్‌తో సరిపెట్టుకోండి. అన్నట్టు, సూట్‌కేసులో విత్తనాలు తేవాలంటే అమెరికాలో అనుమతి పత్రాలు కావాలి. ఇండియన్ కూరగాయల విత్తనాలు ఇక్కడే అమ్ముతున్నారు, ఆ తిప్పలెందుకు.

ఉల్లి గోళీకాయంతే ఊరిందంటే కూడా కారణం పగలే. మన ప్రాంతపు ఉల్లి చిన్న పగటి రకం, అంటే పగలు కాస్త పెరగగానే గడ్డ కట్టడం మొదలెడుతుంది. ఏప్రిల్‌లో నాటేసరికే ఇక్కడ పగలు 13 గంటలు దాటి ఉంటుంది, మొక్క ఎదగకముందే గడ్డ కట్టేస్తుంది. ప్యాకెట్ మీద లాంగ్ డే (పెద్ద పగటి రకం) అని ఉన్నది చూసి కొనండి.

సొరపిందె గోళీకాయంత ఉండగానే పసుపెక్కి రాలుతోంది

మొదటి రెండు వారాలు అన్నీ మగపువ్వులే వస్తాయి, కంగారు పడకండి. ఆడపువ్వు కింద నూగుతో చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నటి కాడే. సొర పువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. ఆ వేళ తిరిగేవి రెక్కల పురుగులే గానీ తేనెటీగలు కావు. చల్లటి పొడి రాత్రుల్లో అవీ తక్కువే. కాబట్టి పని మనదే: రాత్రి ఏడున్నర, ఎనిమిదికి అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. రెండో రోజుకు పిందె తల కిందికి వంచి ముదురాకుపచ్చకు తిరిగితే పట్టినట్టే. బీరకూ సాయంత్రమే, నేతిబీరకు మాత్రం పొద్దున.

వేళతో సంబంధం లేనివి కొన్ని

ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ: ఇక్కడి క్షారపు మట్టిలో ఇనుము అందకపోవడం. నీళ్లు తగ్గించి చూడండి. పొయ్యి బూడిద, సున్నం మాత్రం వేయొద్దు, క్షారం ఇంకా పెరుగుతుంది. టమాటా అడుగున నల్లమచ్చ: ఒకరోజు వరద, మూడురోజులు కరువుగా నీళ్లు పెట్టడం. డ్రిప్ పెట్టుకోండి. ఆకులకు చిల్లులు పడటం, అదీ ఒక్క గంటలో: వడగళ్లు. మే, జూన్‌లలో మడిపైన వల కట్టి ఉంచడం తప్ప మార్గం లేదు. వాననీళ్లు పట్టుకోవడానికి 2016 చట్టం ఇంటికి రెండు పీపాలు, మొత్తం 110 గ్యాలన్ల దాకా అనుమతిస్తుంది.

సెప్టెంబర్‌లో చలి కబురు, చెట్టు నిండా పచ్చికాయలు

టమాటా పువ్వు పండు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆగస్ట్ చివరికల్లా కొత్త పూత, కొసలు తుంచెయ్యండి, మొక్క బలమంతా అప్పటికే కాసిన కాయలకు పోతుంది. చలి ఒక్క రాత్రిదే అయితే దుప్పట్లు కప్పండి. ప్లాస్టిక్ షీట్ అయితే ఆకుకు తగలకూడదు, తగిలిన చోట మాడుతుంది. రెండు, మూడు రాత్రులు వరసగా 32కు దిగుతుందంటే కోసెయ్యండి. కాస్త తెల్లబడ్డ కాయలు కాగితంలో చుట్టి ఇంట్లో పెడితే పండుతాయి, మిగతావి పచ్చిటమాటా పచ్చడికి. గోంగూర, బచ్చలి ముందురోజే కోసుకోవాలి, ఫ్రాస్ట్ తగిలిన ఆకు వండినా జిగురే.

ఖాళీ అయిన మడిలో అక్టోబర్‌లోనే వెల్లుల్లి పెట్టొచ్చు. రెబ్బ మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున గుచ్చి, మీద ఎండుగడ్డి పరవండి. శీతాకాలమైనా మంచు పడకుండా మూడు, నాలుగు వారాలు గడిస్తే 40 దాటిన రోజు చూసి మధ్యాహ్నం ఒకసారి నీళ్లు పెట్టండి. జూలైలో తవ్వుకోవచ్చు.